ఎండ రాని గదిలో మిరప కాయించడానికి లైట్లు

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాట్. పక్క ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్ లేచాక బాల్కనీలోకి వచ్చే తూర్పు ఎండ పూర్తిగా పోయింది. అమ్మ మాతోనే ఉంటుంది. చోడవరం దగ్గర మా ఊళ్లో పెరడంతా తన చేతుల మీద నడిపిన మనిషి. నాలుగు మిరప మొక్కలైనా ఎదురుగా లేకపోతే ఆమెకి తోచదు. బాల్కనీలో వేసిన నారు మూడు వారాల్లో జానెడు పొడుగు సాగింది కానీ కాడ దారంలా ఉంది, ఆకులు పాలిపోయాయి. కుండీ అంచు మీదికి వాలిన మొక్కని అమ్మ చూపుడు వేలితో ఎత్తి పట్టుకుని, "ఏటే, ఇది ఎండ కోసం మెడ సాస్తోంది. దీనికి నీళ్లు పోసి ఏటి లాభం" అంది.

అప్పుడు మొదలుపెట్టిన పని ఇది. నాలుగేళ్లయింది. ఇప్పుడు లోపలి గదిలో నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ఆరు మిరప మొక్కలు, రెండు చెర్రీ టమాటాలు కాస్తున్నాయి. ఇంట్లో లైట్ల కింద కాయలు కాయించాలనుకునేవాళ్లకి నేను మొదట చెప్పే మాట ఒక్కటే. పెట్టె మీద రాసినదాన్ని పక్కన పెట్టండి, ఆకు మీద ఎంత వెలుగు పడుతోందో కొలవండి. కొనేముందు లెక్క వేసుకోవాలి, కట్టేటప్పుడు కొలవాలి, కట్టాక నెలనెలా మళ్లీ కొలవాలి.

వెలుగు విషయంలో మన కన్ను నమ్మదగ్గది కాదు. రాత్రి ట్యూబ్‌లైట్ వేసిన హాలు మనకి పట్టపగల్లా ఉంటుంది, కానీ అక్కడ ఉండేది 200, 300 లక్స్ (లక్స్ అంటే వెలుగుకి ఒక కొలత). మిట్టమధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద ఎండ లక్ష లక్స్ ఉంటుంది. కన్ను వెలుగుకి తగ్గట్టు సర్దుకుంటూ ఆ తేడాని మనకి తెలియనివ్వదు. ఆకుకి ఆ సదుపాయం లేదు.

మొక్క వాడుకునేది ముఖ్యంగా 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే వెలుగు. అది ఒక చదరపు మీటరు మీద ఒక్క సెకనులో ఎంత పడుతోందో మైక్రోమోల్స్‌లో చెబుతారు. లైటు పెట్టెల మీద పీపీఎఫ్‌డీ అని కనిపించేది అదే. రోజు మొత్తం మీద ఎంత పడిందో మోల్స్‌లో చెప్పేది డీఎల్ఐ. వంటింటి భాషలో చెప్పాలంటే మొదటిది ముద్ద, రెండోది రోజంతా తిన్న అన్నం. కొత్తిమీర, పాలకూర లాంటివి రోజుకి 12 నుంచి 15 మోల్స్‌తో సరిపెట్టుకుంటాయి. మిరప, టమాటా పూసి కాయాలంటే కనీసం 20 ఉండాలి, 25 అయితే ఇంకా మంచిది. ఆకులు బాగానే ఉన్నాయి, పూత మాత్రం రావట్లేదు అనేవాళ్ల ఇళ్లలో చాలాసార్లు కారణం ఇదే. ఆకుకూరకి చాలినంత వెలుగు కాయకి చాలదు.

లెక్క చిన్నదే. మైక్రోమోల్స్‌ని లైటు వెలిగే గంటలతో గుణించి, వచ్చినదాన్ని 0.0036తో గుణించాలి. 400 మైక్రోమోల్స్ చొప్పున 14 గంటలు వెలిగితే 20 వస్తుంది. ఆ 400ని కొలిచే అసలు మీటరు ఖరీదైనది. నేను ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వాడతాను. తెల్ల ఎల్ఈడీ వెలుగైతే లక్స్‌ని 70తో భాగిస్తే సుమారుగా మైక్రోమోల్స్ వస్తాయి. అంటే 28,000 లక్స్ కనిపిస్తే 400 ఉన్నట్టు. ఎండకైతే 54తో భాగించాలి. ఊదారంగు లైట్ల కింద ఈ లెక్క పనికిరాదు. లక్స్ అనేది మనిషి కంటికి తగ్గట్టు కట్టిన కొలత, ఎరుపు నీలాలకి తక్కువ మార్కులు వేస్తుంది. ఫోన్‌కీ ఫోన్‌కీ అంకెల్లో తేడా వస్తుంది. అయినా ఎప్పుడూ ఒకే ఫోన్‌తో కొలిస్తే ఈ మూలకి ఆ మూలకి తేడా ఎంతో స్పష్టంగా తెలుస్తుంది, మనకి ఎక్కువగా కావాల్సింది అదే.

ఇక కొనడం. నా మొదటి లైటు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఊదారంగు ప్యానెల్. పెట్టె మీద 1000 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ తగిలించి చూస్తే లాగుతున్నది 68 వాట్లు. పాతకాలపు బల్బు ఇంత వాట్లదైతే ఎంత వెలుగిస్తుందో దానికి సమానం అంటూ వేసే అంకె అది, కొనేవాళ్లకి దానితో పని లేదు. గోడలోంచి నిజంగా ఎన్ని వాట్లు లాగుతుందో, ఒక్కో వాట్‌కి ఎన్ని మైక్రోమోల్స్ ఇస్తుందో అడగండి. ఈ రోజుల్లో మంచి ఎల్ఈడీ లైటు బోర్డు 2.5 లేదా అంతకంటే ఎక్కువ ఇస్తుంది. ఆ అంకె ఎక్కడా రాయకుండా ఎన్ని బల్బులున్నాయో మాత్రం రాశారంటే వదిలేయడం మేలు. డ్రైవర్ మీద, అంటే ఇంటి కరెంటుని ఎల్ఈడీకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా మీద, ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో కూడా చూసుకోండి. మంట, షాక్ లాంటి ప్రమాదం ఏదైనా వస్తే ఎక్కువగా ఆ డ్రైవర్ దగ్గరే మొదలవుతుంది.

ఊదారంగు ఎందుకు వద్దంటానంటే, దాని కింద మొక్క పెరగక కాదు, పెరుగుతుంది. కానీ మనకి మొక్క కనిపించదు. ఆ వెలుగులో ఆకుపచ్చ ఆకు నల్లగా ఉంటుంది. మొదటి పంటలో ఒక మిరప కుండీని నీళ్లు పోద్దామని వంటింటి కిటికీ దగ్గరికి తెచ్చాను. పగటి వెలుగులో చూస్తే చివరాకులన్నీ తిరగేసిన దోనెల్లా కిందికి ముడుచుకుని ఉన్నాయి, ఆకు సన్నబడి తొడిమ పొడుగ్గా ఎలుక తోకలా సాగింది. తెల్లనల్లి. అప్పటికే ఆరు మొక్కలకీ పాకింది. తెల్ల వెలుగులో అయితే మొదటి వారంలోనే పట్టుకునేదాన్ని.

ఇంకో సంగతి. మనం తెల్ల ఎల్ఈడీ అనుకునేది లోపల నీలం ఎల్ఈడీయే, పైన పసుపు పూత ఉంటుంది. ఆ నీలం ఎల్ఈడీకే 2014లో ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పూత వల్ల ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అన్నీ వస్తాయి. ఆకుపచ్చ వెలుగు మొక్కకి పనికిరాదని చాలామంది అంటారు కానీ అది పై ఆకుల్ని దాటి అడుగు ఆకుల దాకా చేరుతుంది, గుబురుగా పెరిగే మిరపకి అది అవసరం. తెలుపు ఛాయని కెల్విన్‌లో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు ఛాయ, ఎక్కువైతే నీలి ఛాయ. కాయలకి 3000 నుంచి 4000 కెల్విన్ తెలుపు తీసుకోండి, దాంతోపాటు 660 నానోమీటర్ల ఎర్ర బల్బులు కొన్ని ఉంటే మరీ మంచిది. నారుకి మాత్రం ఇంట్లో ట్యూబ్‌లైట్‌లా వాడే 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ బ్యాటెన్ చాలు, మొక్క సాగకుండా పొట్టిగా, గట్టిగా ఉంటుంది.

"అయితే అన్నిటికీ బ్యాటెన్లే పెట్టుకోవచ్చు కదా" అని మా పక్కింటావిడ అడిగింది. పెట్టుకోవచ్చు, కానీ లెక్క చూడాలి. మా బల్ల 8 చదరపుటడుగులు, అంటే 0.74 చదరపు మీటరు. అంతటా 400 పడాలంటే సెకనుకి సుమారు 300 మైక్రోమోల్స్ చేరాలి. పక్కలకి పోయే వెలుగు నాలుగో వంతు అనుకుంటే లైటు 400 ఇవ్వాలి. 2000 ల్యూమెన్ల 20 వాట్ల బ్యాటెన్, అదే 70తో భాగిస్తే, 28 ఇస్తుంది, కాబట్టి 14 కావాలి, మొత్తం 280 వాట్లు. 2.5 ఇచ్చే బోర్డులైతే 160 వాట్లు చాలు. రోజుకి 16 గంటల చొప్పున నెలకి తేడా 58 యూనిట్లు. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుంది కాబట్టి ఆ 58 యూనిట్లూ పై రేటుకే పడతాయి. కొనేటప్పుడు మిగిలిన డబ్బు బిల్లులో పోతుంది. నేను రెండు 80 వాట్ల బోర్డులు తీసుకున్నాను. వాటికే నెలకి 77 యూనిట్లు అవుతోంది. అది తక్కువేమీ కాదు. డాబా మీద చోటున్నవాళ్లు ముందు డాబా మీద ప్రయత్నించండి, లైట్లు ఎండ లేనివాళ్ల కోసం.

కిటికీ ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. మనం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, దక్షిణపు కిటికీలోంచి ఎండ గదిలోకి బాగా వస్తుంది. మే రెండో వారానికి నడినెత్తిమీదికి వచ్చి, అక్కణ్నుంచి జూలై నెలాఖరు దాకా మధ్యాహ్నం ఉత్తరానికి వాలి ఉంటాడు. ఆ రోజుల్లో దక్షిణపు కిటికీలోంచి నేరుగా ఒక్క కిరణం కూడా రాదు. చలికాలంలో కాసిన మొక్క మే నెలలో ఎందుకు డీలా పడిందో నాకు మొదటి ఏడాది అర్థం కాలేదు. కారణం వేడి ఒక్కటే అనుకున్నాను.

ఇప్పుడు కట్టడం. దీన్ని తొందరపడి చేయకండి. లైట్లు కొన్నదానికంటే వాటిని జరిపిందానికే నాకు ఎక్కువ ఫలితం వచ్చింది.

మొదట రెండు బోర్డుల్నీ బల్ల మధ్యలో పక్కపక్కన కట్టాను, ఆకులకి అడుగున్నర పైన. రాత్రి గదిలో మిగతా లైట్లు ఆపేసి, ఫోన్‌ని ఆకుల ఎత్తులో వెల్లకిలా పెట్టి తొమ్మిది చోట్ల కొలిచాను: మధ్యలో ఒకటి, అంచుల్లో నాలుగు, మూలల్లో నాలుగు. మధ్యలో 46,000 లక్స్. మూలల్లో 9,000. అంటే మధ్య మొక్క కడుపునిండా తింటోంది, మూల మొక్క పస్తుంటోంది. ఆ మూలల్లో మిరపలు వారం వారం మధ్యకి వంగుతున్నాయని అప్పటికే గమనించాను, కారణం అంకెల్లో కనబడింది. బోర్డుల్ని విడదీసి ఒక్కోదాన్ని బల్ల చెరో సగం మధ్యకి జరిపాను. మధ్యలో 31,000కి తగ్గింది, అంచుల్లో 24,000కి, మూలల్లో 17,000కి పెరిగింది. ఆ తర్వాత ఇంట్లో పడున్న పాత ఫ్లెక్సీ తీసి, తెల్లటి వెనకవైపు మొక్కల వైపు ఉండేలా బల్లకి మూడు పక్కలా కట్టాను. మూలల్లో 21,000, అంచుల్లో 26,000 వచ్చాయి. రూపాయి ఖర్చు లేదు. గోడకి తెల్ల సున్నం వేసినా అదే పని చేస్తుంది. థర్మోకోల్ కూడా వెలుగుని బాగా తిప్పికొడుతుంది కానీ త్వరగా అంటుకుంటుంది, డ్రైవర్ దగ్గర పెట్టకండి.

70తో భాగించి, 16 గంటలకి లెక్క కడితే ఇప్పుడు మధ్యలో రోజుకి 25, అంచుల్లో 21, మూలల్లో 17. అందుకే టమాటాలు మధ్యలో, మిరపలు వాటి చుట్టూ, మూలల్లో కొత్తిమీర, పుదీనా. వారానికోసారి కుండీల్ని పావు వంతు తిప్పుతాను.

ఎత్తు మార్చుకునే వీలు ఉండేలా కట్టండి. శ్లాబుకి ఫ్యాను కోసం వదిలిన కొక్కెం ఉంటే అదే అన్నిటికంటే గట్టిది. ఫాల్స్ సీలింగ్‌కి మాత్రం వేలాడదీయొద్దు. నారుకి బోర్డు రెండడుగుల పైన ఉండాలి, మొక్క గట్టిపడ్డాక పూతకొచ్చేసరికి అడుగు, అడుగున్నర మధ్యకి దించుకోవచ్చు. బ్యాటెన్లైతే అర అడుగు దూరం చాలు. మిరపకి ఆరేడు ఆకులు వచ్చాక తల తుంచితే పక్క కొమ్మలు వేసి గుబురుగా ఉంటుంది, లైటు దాకా ఎగబాకదు. టమాటాలో మరుగుజ్జు రకాలు, మైక్రో టామ్ లాంటివి తీసుకోండి.

ఆకు ముడిచిందంటే అది లైటు వల్లా, పురుగు వల్లా అన్నది చాలామందికి టెన్షన్. దగ్గరగా చూస్తే తెలుస్తుంది. లైటు ఎక్కువైతే బోర్డుకి దగ్గరగా ఉన్న పై ఆకులు మాత్రమే పడవలా పైకి ముడుచుకుంటాయి, ఒక్కోసారి చివర్లు తెల్లబడతాయి. కింది ఆకులు శుభ్రంగా ఉంటాయి. బోర్డుని నాలుగంగుళాలు పైకి లేపితే కొత్తగా వచ్చే ఆకు సరిగ్గా వస్తుంది. తామర పురుగు పట్టినా పై ముడతే కానీ, ఆకు తిరగేస్తే అడుగున గీరినట్టు గోధుమరంగు చారలుంటాయి. నల్లి అయితే కింది ముడత, ఎలుక తోక. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు, అందుకే కొట్టేముందు ఆకు తిరగేసి చూడండి.

టైమర్ తప్పనిసరి. నేను పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా పెట్టాను. ఎక్కువ వెలుగు ఎక్కువ కాపు అనుకుని 24 గంటలూ వెలిగిస్తే టమాటా ఆకులు మచ్చలుగా పసుపెక్కిపోతాయి, మొక్కకి కనీసం ఆరు గంటల చీకటి కావాలి. ముల్లు తిప్పే టైమర్ అయితే కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. రెండు గంటలు పోతే మీ తెల్లవారుజాము ఏడింటికి మారుతుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తర్వాత కరెంటు లేక గడిపిన రోజులు ఇక్కడ అందరికీ గుర్తే. అలాంటప్పుడు కంగారు వద్దు. మూడు నాలుగు రోజులు వెలుగు లేకపోయినా పెద్ద మొక్క తట్టుకుంటుంది. నీళ్లు మాత్రం తగ్గించాలి, వెలుగు లేని మొక్క తాగలేదు, వేరు కుళ్లుతుంది.

లంబసింగి నుంచి తెచ్చిన స్ట్రాబెర్రీ మొక్కలు కూడా ఈ బల్ల మీద పెట్టి చూశాను. ఆకులు దండిగా వేశాయి, పూత రాలేదు. మామూలు రకాల స్ట్రాబెర్రీకి పగలు చిన్నదిగా, రాత్రి చల్లగా ఉంటేనే పూమొగ్గ కడుతుంది. నా టైమర్ 16 గంటలు, మా గది రాత్రి 26 డిగ్రీలు. అక్కడ కొండమీద చలిలో కాసేదాన్ని లైటు ఒక్కటే ఇక్కడ కాయించలేదు.

వేడి టమాటాకీ అడ్డే. పగలు 35, రాత్రి 25 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడిపోయి పూత రాలిపోతుంది. మే నెలలో మన దగ్గర రాత్రి కూడా 28 దాకా ఉంటుంది. అందుకే నేను ఆగస్టులో నారు పోసి, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయలు వచ్చేలా చూసుకుంటాను. సముద్రపు తేమ వల్ల పుప్పొడి ఉండలు కట్టి రాలదు, ఇంట్లో గాలీ తేనెటీగలూ ఉండవు. చిన్న టేబుల్ ఫ్యాను పూతని మెల్లగా కదిలించేలా పెట్టండి. పొద్దున పది, పన్నెండు మధ్య అమ్మ పూల గుత్తి వెనక తొడిమని గోటితో రెండు దెబ్బలు తడుతుంది. అప్పుడు గుత్తి కింద అరచెయ్యి పెట్టి చూస్తే పసుపు పొడి సన్నగా రాలుతుంది. రాలిందంటే వారంలో పిందె కనిపిస్తుంది.

కరెంటు, నీళ్లు ఒకే చోట ఉంటాయి కాబట్టి ఈ నాలుగు మాటలు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్ ఉన్న సాకెట్ మాత్రమే. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు కుండీల కింద నేలమీద ఉండకూడదు, గోడకి ఎత్తుగా ఉండాలి. వైరు సాకెట్‌లోకి వెళ్లేముందు ఒక వంపు కిందికి వేలాడేలా వదలండి, కారిన నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కలుగా పడిపోతాయి.

మన ఊరి ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. రెండో వానాకాలంలో ఒక బోర్డు రెపరెపలాడటం మొదలుపెట్టింది. డ్రైవర్ పోయిందనుకున్నాను. మెయిన్ ఆపి కనెక్టర్ విప్పితే రాగి తీగ మీద ఆకుపచ్చ చిలుము, పాత పూజసామాను మీద పట్టినట్టు. తీగ చివర అంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగిస్తే బాగుపడింది. సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు దుమ్ము, నీటి జల్లు లోపలికి పోని ఐపీ65 రకం డ్రైవర్ తీసుకోండి, కనెక్టర్లు ఏడాదికోసారి విప్పి చూడండి. బోర్డు ముఖం మీద కూడా ఉప్పు, దుమ్ము కలిసి సన్నని పొరలా పడుతుంది, కంటికి తెలియదు. నెలకోసారి ప్లగ్గు తీసి, చల్లారాక పొడి గుడ్డతో తుడిచి, బల్ల మధ్యలో ఫోన్ పెట్టి మళ్లీ కొలుస్తాను. పోయిన నెల తుడవకముందు 27,000 ఉంది. తుడిచాక 31,000.